ఉప్పును లోపలికి తీసుకెళ్లే పంచదార

ఓఆర్ఎస్ పొట్లం వెనక చిన్న అక్షరాల్లో నాలుగు పేర్లుంటాయి. సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. లీటరు నీళ్లలో కలుపుకోవాలి. మొదటిది మన వంటింటి ఉప్పే. విరేచనాల్లో నీళ్లూ ఉప్పూ పోతాయి కాబట్టి నీళ్లూ ఉప్పూ ఇవ్వాలి. ఇంతవరకు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మరి గ్లూకోజ్ ఎందుకు? ఎవరిని అడిగినా "నీరసం తగ్గడానికి" అంటారు. లెక్క వేసి చూస్తే ఆ జవాబు నిలవదు. 13.5 గ్రాముల గ్లూకోజ్ నుంచి వచ్చేది యాభై కేలరీల పైచిలుకు. అంటే ఒక ఇడ్లీ పాటి. లీటరు నీళ్లు తాగించి ఒక ఇడ్లీ శక్తి ఇవ్వడం కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం తయారు చేసి కూర్చోదు. పోనీ రుచి కోసమా అంటే, తాగినవాళ్లెవరూ ఆ మాట ఒప్పుకోరు.

గ్లూకోజ్ ఉన్నది ఉప్పు కోసం. చిన్నపేగు గోడలోని కణాల మీద ఒక ప్రొటీన్ ఉంది. సోడియం, గ్లూకోజ్ రెండూ కలిసి వస్తేనే అది వాటిని లోపలికి చేరవేస్తుంది. ఒంటరిగా వచ్చిన సోడియానికి అక్కడ పని జరగదు, ఒంటరిగా వచ్చిన గ్లూకోజ్‌కూ జరగదు. రెండూ లోపలికి వెళ్తే వాటి వెనకే నీళ్లు వెళ్తాయి. పొట్లంలోని మందు గుణమంతా ఈ ఒక్క షరతులోనే ఉంది. అది అర్థం కావాలంటే అసలు కణం పొర దేనిని రానిస్తుంది, దేనిని రానివ్వదు, ఎందుకని అన్న దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

కణత్వచం మందం సుమారు ఐదు నానోమీటర్లు. మామూలు కాగితం మందంలో అలాంటి పొరలు ఇరవై వేలు పడతాయి. అంత పలచటి పొర లోపలి సరుకును లోపల, బయటి సరుకును బయట ఎలా ఉంచగలుగుతోంది? అది దేనితో తయారైందో చూస్తే తెలుస్తుంది. 1890లలో జూరిచ్‌లో ఓవర్టన్ అనే శాస్త్రవేత్త వందల రసాయనాలను మొక్కల కణాల మీద ప్రయోగించి చూశాడు. నూనెలో కరిగేవి సులువుగా లోపలికి పోతున్నాయి, నీళ్లలో మాత్రమే కరిగేవి బయటే ఆగిపోతున్నాయి. అంటే ఆ పొర నూనె జాతిదై ఉండాలని ఆయన ఊహ. 1925లో హాలండులో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల్లోని కొవ్వును బయటికి తీసి, నీటి మీద ఒక్క అణువు మందాన పరిచి కొలిచారు. ఆ కొవ్వు కణాల ఉపరితలానికి సరిగ్గా రెట్టింపు మేర పరుచుకుంది. కాబట్టి పొరలో కొవ్వు అణువులు రెండు వరసలుగా ఉన్నాయన్నారు. నిజానికి వాళ్లు కొవ్వంతా తీయలేకపోయారు, కణం వైశాల్యాన్నీ తక్కువగా లెక్కించారు. రెండు పొరపాట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరైన జవాబు వచ్చింది. సైన్సులో ఇలాంటి అదృష్టం కూడా అప్పుడప్పుడు దక్కుతుంది.

రెండు వరసల కొవ్వు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ దాని గుండా అడ్డేమీ లేకుండా అటూ ఇటూ తిరుగుతాయి. ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి వాటంతట అవే వెళ్తాయి. బడి పుస్తకాల్లో విసరణ అని చదువుకున్నది ఇదే. సారా కూడా అంతే, అందుకే తాగిన కాసేపటికే మెదడుకు చేరుతుంది. ఉప్పు సంగతి వేరు. నీళ్లలో కరిగిన ఉప్పు సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. ఒక్కో అయాన్ విద్యుదావేశంతో ఉంటుంది, చుట్టూ నీటి అణువులు అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ నీళ్లను వదిలించుకుని కొవ్వులోకి దిగాలంటే బోలెడంత శక్తి కావాలి. గ్లూకోజ్‌కు ఆవేశం లేదు గానీ అదీ పెద్ద అణువు, నీళ్లంటే ఇష్టపడేది. కాబట్టి కొవ్వు పొర వరకే చూసుకుంటే ఉప్పూ పంచదారా రెండూ బయటే.

నీళ్లు కొంతవరకు కొవ్వు సందుల్లోంచి జారిపోతాయి. వేగంగా పోవాల్సిన చోట వాటికి ప్రత్యేకమైన ప్రొటీన్ రంధ్రాలున్నాయి. అమెరికాలో పీటర్ ఆగ్రే రక్తంలోని ఆర్‌హెచ్ ప్రొటీన్ కోసం వెతుకుతుంటే సంబంధం లేని మరో ప్రొటీన్ అడ్డు తగులుతూ వచ్చింది. అదేం చేస్తుందో చూద్దామని 1992లో దాన్ని కప్ప గుడ్లలో తయారయ్యేలా చేసి, ఆ గుడ్లను మంచినీళ్లలో వేశారు. అవి ఉబ్బి పగిలిపోయాయి. ఆ ప్రొటీన్ లేని గుడ్లు మాత్రం అలాగే ఉన్నాయి. అది నీటి దారి అని తేలిపోయింది. దానికి ఆక్వాపోరిన్ అని పేరు పెట్టారు, 2003లో ఆగ్రేకు నోబెల్ వచ్చింది. ఒక్కో ఆక్వాపోరిన్ గుండా సెకనుకు సుమారు మూడు వందల కోట్ల నీటి అణువులు పోతాయి.

అయితే నీళ్లు ఎటు పోవాలో దారి నిర్ణయించదు. రెండు వైపులా కరిగి ఉన్న పదార్థాలు నిర్ణయిస్తాయి. ద్రవాభిసరణ అనే ఈ సంగతిని ప్రతి వేసవిలోనూ మన ఇళ్లలో జాడీల్లో చూస్తాం. మాగాయకు మామిడి ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి మూత పెడతారు. చుక్క నీళ్లు పొయ్యరు. మూడో రోజు మూత తీస్తే ముక్కలు ఊటలో తేలుతుంటాయి. ఆ ఊట మామిడి కణాల్లోని నీరే. బయట ఉప్పు చిక్కగా ఉండేసరికి లోపలి నీళ్లు పొర దాటి బయటికి వచ్చేశాయి, ముక్క మెత్తబడి ముడుచుకుపోయింది. జీవశాస్త్రంలో నీళ్లను నేరుగా తోడి పోసే పంపు ఏదీ లేదు. కణం ఉప్పునో చక్కెరనో కదిలిస్తుంది, నీళ్లు వాటి వెంట పోతాయి. ఓఆర్ఎస్ పని చెయ్యడానికీ, కొన్ని తీపి పానీయాలు విరేచనాలను ఎక్కువ చెయ్యడానికీ కారణం ఇదొక్కటే.

మరి ఉప్పును కదిలించేదేమిటి? మన శరీరంలోని కణాల బయట ద్రవంలో సోడియం లీటరుకు సుమారు 145 మిల్లీమోల్స్ ఉంటుంది. లోపల పది, పదిహేను మాత్రమే. పొటాషియం దీనికి సరిగ్గా తలకిందులు, లోపల 140 దాకా, బయట నాలుగు. ఈ తేడాను నిలబెట్టడానికి కణం పగలూ రాత్రీ పనిచేస్తూనే ఉంటుంది. ఆ పని చేసేది సోడియం పంపు. మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఒక్కో దఫాకు కణం ఇంధనమైన ఏటీపీ అణువు ఒకటి ఖర్చు. ఏ పనీ చెయ్యకుండా పడుకున్నప్పుడు కూడా మన శరీరం ఖర్చు పెట్టే శక్తిలో సుమారు ఐదో వంతు ఈ పంపులకే పోతుంది.

ఈ పంపును పట్టుకున్నది డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో జెన్స్ స్కౌ. ఆయన అసలు వెతుకుతున్నది మత్తుమందుల గురించి. నరాల పొరలో ఉండే ఏదైనా ఎంజైమ్ మీద మత్తుమందుల ప్రభావం చూడాలనుకుని సముద్రతీరపు పీతల కాళ్లలోంచి నరాలు తీసి నూరేవాడు. ఏటీపీని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి దొరికింది. విడ్డూరమేమిటంటే అది సోడియం ఒక్కటి ఇచ్చినా సరిగ్గా పనిచెయ్యదు, పొటాషియం ఒక్కటి ఇచ్చినా చెయ్యదు. రెండూ కలిపితేనే చురుగ్గా పనిచేస్తుంది. 1957లో ఆ ఫలితాన్ని అచ్చు వేయించినప్పుడు స్కౌ శీర్షికలో పంపు అన్న మాటే వాడలేదు, అంత జాగ్రత్త మనిషి. నోబెల్ రావడానికి నలభై ఏళ్లు పట్టింది, 1997లో వచ్చింది.

ఆ పంపుకు ఇంధనమైన ఏటీపీ చరిత్రలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. 1925లో హార్వర్డ్‌లో ఆయన, సైరస్ ఫిస్క్ కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని గుర్తించాడు. ఏటీపీ విరిగితే ఫాస్ఫేట్ రాలుతుంది, రాలిన ఫాస్ఫేట్‌ను లెక్కపెడితే పంపు ఎంత పని చేసిందో తెలుస్తుంది. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రయోగశాలల్లో రోజువారీ పనిముట్టుగా ఉండిపోయింది. సుబ్బారావు సోదరులు ఇద్దరు స్ప్రూ జబ్బుతో చనిపోయారు, ఆయననూ అదే పట్టి పీడించింది. స్ప్రూ అంటే పేగు గోడ దెబ్బతిని తిన్నది ఒంటికి పట్టకుండా పోవడం. పొరలు దాటించే పనికి ఇంధనం ఏదో చూపినవాళ్లలో ఒకరి ఇంట్లో, ఆ పని ఆగిపోవడం వల్లనే మరణాలు జరిగాయి.

సోడియం పంపు చేసే పనిని మేడ మీద నీళ్ల ట్యాంకుతో పోల్చుకుంటే మిగతా కథ తేలికవుతుంది. మోటారు కరెంటు తిని నీళ్లను పైకి ఎక్కిస్తుంది. తర్వాత వంటింట్లో కుళాయి తిప్పితే నీళ్లు రావడానికి కరెంటు అక్కర్లేదు, ఎత్తే సరిపోతుంది. కణంలో ఆ ఎత్తు సోడియం తేడా. పంపు ఏటీపీ ఖర్చు పెట్టి సోడియాన్ని బయటికి తోసింది కాబట్టి బయటి సోడియం లోపలికి రావాలని ఎప్పుడూ ఒత్తిడి చేస్తూ ఉంటుంది. ఆ ఒత్తిడిని వాడుకుని వేరే సరుకును కూడా లోపలికి లాక్కొచ్చే ప్రొటీన్లు పొరలో ఎన్నో ఉన్నాయి.

ఇప్పుడు చిన్నపేగులోకి వెళ్దాం. రోజుకు మనం తాగేది, తినేదానిలోనిది కలిపి రెండు లీటర్ల నీళ్లు. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు ఊట అన్నీ కలిపి ఇంకో ఏడు లీటర్లు. రోజూ దాదాపు తొమ్మిది లీటర్ల ద్రవం పేగులోకి దిగుతుంది. మలంతో బయటికి పోయేది మాత్రం ఒకటి రెండు వందల మిల్లీలీటర్లే. మిగిలిందంతా పేగు గోడ వెనక్కి పీల్చేసుకుంటుంది. ఈ లెక్క చూశాక విరేచనాలంటే కొత్తగా నీళ్లు ఎక్కడి నుంచో పుట్టడం కాదని తెలుస్తుంది. తొమ్మిది లీటర్ల లావాదేవీలో పుచ్చుకునే చెయ్యి కాస్త వెనక్కి తగ్గినా, ఇచ్చే చెయ్యి కాస్త ముందుకొచ్చినా చాలు.

ఆ గోడలోని ఒక్క కణాన్ని తీసుకుంటే దానికి రెండు ముఖాలు. ఒకటి తిండి ఉన్న వైపు, దాని మీద సన్నటి నూగులాంటి మడతలు. రెండోది రక్తనాళాల వైపు. సోడియం పంపులన్నీ రక్తం వైపే ఉంటాయి. అవి లోపలి సోడియాన్ని అటు తోసేస్తుంటే కణం లోపల సోడియం ఎప్పుడూ కొరతగా ఉంటుంది. తిండి వైపు ముఖం మీద ఎస్‌జీఎల్‌టీ-1 అనే ప్రొటీన్ ఉంటుంది. దానికి రెండు సోడియం అయాన్లు ముందుగా అతుక్కుంటాయి. అప్పుడు దాని ఆకారం కొద్దిగా మారి గ్లూకోజ్‌కు చోటు సిద్ధమవుతుంది. గ్లూకోజ్ వచ్చి కూర్చోగానే ప్రొటీన్ బయటి వైపు మూసుకుని లోపలి వైపు తెరుచుకుంటుంది. మూడూ కణంలో పడతాయి. గ్లూకోజ్ రక్తం వైపు ముఖం మీదున్న గ్లూట్-2 అనే మరో ప్రొటీన్ గుండా, ఎలాంటి ఖర్చూ లేకుండా రక్తంలోకి జారిపోతుంది. సోడియాన్ని పంపు తోసేస్తుంది. ఒక్క కణాన్ని దాటడానికి మూడు ప్రొటీన్లు, మూడు రకాల పద్ధతులు. పరీక్షల కోసం మనం విడివిడిగా బట్టీ పట్టిన సహాయక విసరణ, సక్రియా రవాణా అన్నవి పేగులో ఇలా ఒకే వరసలో నిలబడి పనిచేస్తుంటాయి.

సోడియం, గ్లూకోజ్ జంటగా ప్రయాణిస్తాయని మొదట చెప్పింది అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్. 1960 ఆగస్టులో ప్రాగ్‌లో జరిగిన సదస్సులో ఈ ప్రతిపాదన చేశాడు. అప్పటికి ఆయన దృష్టిలో కలరా లేదు, విరేచనాలూ లేవు. పేగు చక్కెరను ఎలా పీల్చుకుంటుందన్నదే ప్రశ్న.

కలరా కథ సమాంతరంగా కలకత్తాలో నడుస్తోంది. తెలంగాణ పల్లెల్లో గత్తర అన్నా, కోస్తాలో మరిడి అన్నా అదే. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యేవి, పెద్దాపురం మరిడమ్మ లాంటి అమ్మవార్లకు జాతరలు జరిగేవి. కలరా సూక్ష్మజీవి పేగును కొరికి తినేస్తుందని, అందువల్లే బియ్యం కడుగులాంటి నీళ్లు పోతాయని చాలాకాలం నమ్మారు. 1959లో కలకత్తా మెడికల్ కాలేజీలో శంభునాథ్ డే సూక్ష్మజీవులను వడకట్టేసి, మిగిలిన ద్రవాన్ని మాత్రమే కుందేలు పేగులో పోసి చూపించాడు. పేగు ముక్క నీళ్లతో ఉబ్బిపోయింది. సూక్ష్మజీవి అక్కడ లేదు, దాని విషం ఉంది. ఈ పరిశోధన ఆధునిక కలరా విజ్ఞానానికి పునాది. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ డే పేరును నోబెల్‌కు సూచించారు కూడా. డేకు స్వదేశంలో దక్కిన గౌరవం మాత్రం అంతంతమాత్రం.

ఆ విషం చేసే పని ఇప్పుడు అణువు అణువునా తెలుసు. అది పెద్ద ప్రొటీన్, ఏ రంధ్రంలోనూ పట్టదు. కణం తన పొరనే లోపలికి మడిచి, చిన్న బుడగలా చేసి దాన్ని మింగుతుంది. పెద్ద సరుకు పొర దాటడానికి ఉన్న దారి అదే. లోపలికి చేరాక విషం ఒక స్విచ్చును ఆన్ చేసి అలాగే బిగించేస్తుంది. దాంతో కణం తిండి వైపు ముఖం మీద ఉన్న సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ ద్వారాలు తెరుచుకుని మూతపడవు. క్లోరైడ్ పేగులోకి పారుతుంది, దాని వెంట సోడియం, వాటి వెంట నీళ్లు. జబ్బు ముదిరితే గంటకు లీటరు దాకా పోతుంది. మామూలుగా ఉప్పును పీల్చుకునే మరో దారి కూడా మూసుకుపోతుంది. కాబట్టి ఉప్పు నీళ్లు తాగిస్తే అవీ బయటికే పోతాయి. పాతకాలపు వైద్యులకు ఇది అనుభవమే. 1832లోనే స్కాట్లండ్‌లో థామస్ లట్టా నరానికి ఉప్పు నీళ్లు ఎక్కించి కొందరిని బతికించాడు. నోటితో ఇస్తే ఎందుకు పనిచెయ్యడం లేదో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు.

కలరా విషం పాడు చెయ్యని దారి ఒకటి మిగిలి ఉంది, అదే ఎస్‌జీఎల్‌టీ-1. పేగు గోడ చెక్కుచెదరలేదు, సోడియం పంపులు నడుస్తూనే ఉన్నాయి, ఈ జంట దారి తెరిచే ఉంది. గ్లూకోజ్ ఇస్తే సోడియం అటు నుంచి పోతుంది, నీళ్లూ పోతాయి. ఒక వైపు కారిపోతుంటే ఇంకో వైపు నుంచి అంతకంటే ఎక్కువ పీల్చుకోవచ్చు. పైగా పేగు లోపలి పూత నాలుగైదు రోజులకు ఒకసారి పూర్తిగా రాలి కొత్తది వస్తుంది. విషం పట్టిన కణాలు వాటంతట అవే పోతాయి. రోగిని ఆ నాలుగైదు రోజులు ఎండిపోకుండా నిలబెడితే చాలు.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నది ఆచరణలోకి రావడానికి దెబ్బలు తగిలాయి. 1962లో మనీలాలో అమెరికన్ నౌకాదళ వైద్యుడు రాబర్ట్ ఫిలిప్స్ గ్లూకోజ్ కలిపిన ద్రవం ఇచ్చి ఫలితం చూశాడు. కానీ పాళ్లు కుదరలేదు. ఆ తర్వాతి ప్రయోగంలో కొందరు రోగులు చనిపోయారు, ప్రయత్నం ఆగిపోయింది. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు యువ వైద్యులు బయటికి పోయినంత ద్రవాన్ని కొలిచి అంతే నోటి ద్వారా ఇవ్వాలన్న పద్ధతి పెట్టి విజయం సాధించారు. అయినా పెద్ద డాక్టర్లకు నమ్మకం కుదరలేదు. ఆసుపత్రిలో, నర్సుల పర్యవేక్షణలో సరే, బయట ఎవరు చేస్తారని.

1971లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పక తప్పని పరిస్థితి వచ్చింది. తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది శరణార్థులు బెంగాల్ సరిహద్దు దాటి వచ్చారు. బొన్‌గావ్ ఆసుపత్రిలో కలరా రోగులతో నేల నిండిపోయింది. వాంతులూ విరేచనాల మధ్య మోకాళ్ల మీద కూర్చుని సెలైన్ ఎక్కించాల్సిన స్థితి. ఆ సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. కలకత్తాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధనా కేంద్రంలో పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఒక నిర్ణయం తీసుకున్నారు. లీటరుకు 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంట సోడా చొప్పున తూకం వేయించి, పాలిథిన్ సంచుల్లో పోయించి, మూతులను వేడి ఇస్త్రీతో అతికించి, శిబిరానికి తరలించారు. డ్రమ్ముల్లో కలిపి పెట్టారు. తల్లులు, అన్నలు, పక్క మంచం వాళ్లు కప్పులతో ముంచి రోగులకు తాగించారు. నర్సింగ్ తెలియని చేతులతోనే మొత్తం పని నడిచింది. రెండు నెలల్లో 3,700 మందికి పైగా చికిత్స జరిగింది. అంతకుముందు నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. ఈ ఫలితాల వ్యాసాన్ని పత్రికలు మొదట వెనక్కి పంపాయి, చివరికి 1973లో అచ్చయింది. 1978లో లాన్సెట్ పత్రిక, సోడియం గ్లూకోజ్‌ల జంట ప్రయాణాన్ని కనుక్కోవడం ఈ శతాబ్దంలోకెల్లా ముఖ్యమైన వైద్య పురోగతి కావచ్చని రాసింది. మహలనబిస్ 2022లో కన్నుమూశారు. పద్మవిభూషణ్ మరుసటి ఏడాది, ఆయన పోయాక వచ్చింది.

ఎస్‌జీఎల్‌టీ-1 ఎంత కీలకమో, అది లేకుండా పుట్టిన పిల్లల్లో మరీ స్పష్టంగా తెలుస్తుంది. ఇది చాలా అరుదైన లోపం. తల్లిపాలలోని లాక్టోజ్ విరిగితే గ్లూకోజ్, గాలక్టోజ్ వస్తాయి. రెండింటికీ ఈ ప్రొటీనే దారి. అది పనిచెయ్యకపోతే ఆ చక్కెరలు పేగులోనే ఉండిపోయి నీళ్లను లాగుతాయి. పుట్టిన కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి తెచ్చే విరేచనాలు మొదలవుతాయి. అలాంటి బిడ్డకు గ్లూకోజ్ ఉన్న ఓఆర్ఎస్ తాగిస్తే మేలు బదులు కీడే. అయితే ఫ్రక్టోజ్ అనే పండ్ల చక్కెరకు పేగులో వేరే ప్రొటీన్ ఉంది, దానికి సోడియంతో పని లేదు. అందుకని ఆ బిడ్డలను ఫ్రక్టోజ్ పాలపొడి మీద పెంచుతారు, చక్కగా ఎదుగుతారు. ఈ ప్రొటీన్ జన్యువును 1987లో కాలిఫోర్నియాలో ఎర్నెస్ట్ రైట్ బృందం వేరు చేసింది. క్రేన్ ఊహకు అణువు రూపం దొరకడానికి ఇరవై ఏడేళ్లు పట్టిందన్నమాట.

ఇక పాళ్ల సంగతి. గ్లూకోజ్ సోడియాన్ని తీసుకెళ్తుంది కదా, ఇంకాస్త ఎక్కువ వేస్తే ఇంకా మంచిదేగా అనిపించడం సహజం. ఇక్కడే మాగాయ జాడీ గుర్తుపెట్టుకోవాలి. మన రక్తంలో కరిగి ఉన్న పదార్థాల గాఢత లీటరుకు సుమారు 290 మిల్లీ ఆస్మోల్స్. ఓఆర్ఎస్ పాత సూత్రంలో 311 ఉండేది, రక్తం కంటే కాస్త చిక్కన. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 245కు తగ్గించింది. లీటరుకు సోడియం 75 మిల్లీమోల్స్, గ్లూకోజ్ 75, సమానంగా. ద్రవం పలచగా ఉంటే నీళ్లు పేగులోంచి రక్తం వైపు మరింత సులువుగా వెళ్తాయి. పిల్లల్లో వాంతులూ విరేచనాల పరిమాణమూ తగ్గాయి, సెలైన్ ఎక్కించాల్సిన అవసరమూ తగ్గింది. అదే కూల్‌డ్రింకులో చక్కెర లీటరుకు వంద గ్రాముల దాకా ఉంటుంది, సోడియం నామమాత్రం. అంత చక్కెరను తీసుకెళ్లడానికి సరిపడా సోడియం లేదు, మోసే ప్రొటీన్లకూ ఒక పరిమితి ఉంది. మిగిలిన చక్కెర పేగులో కూర్చుని ఒంట్లోని నీళ్లను బయటికి లాగుతుంది. మామిడి ముక్కకు ఉప్పు చేసిన పనే.

అందుకే అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాల మీద ఓఆర్ఎస్ అని రాసుకోవడం చిన్న విషయం కాదు. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు, తెలంగాణ హైకోర్టుకూ వెళ్లారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు పానీయాల లేబుళ్ల మీద వాడటాన్ని నిషేధించింది. మందుల షాపులో అడిగేటప్పుడు "ఓఆర్ఎస్ ఇవ్వండి" అంటే ఏదో ఒకటి చేతిలో పెట్టే రోజులు ఇంకా పోలేదు కాబట్టి, పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని ఉందో లేదో చూసుకోవడం మంచిది. ఇంకో పొరపాటు మరీ తరచుగా జరుగుతుంది. లీటరు పొట్లాన్ని ఒక గ్లాసు నీళ్లలో కలిపి ఇస్తారు. ఉప్పు నాలుగైదు రెట్లు చిక్కబడుతుంది, చిన్నపిల్లలకు అది ప్రమాదం. లీటరుకు ఇరవై, ఇరవై ఒక్క గ్రాముల పెద్ద పొట్లం, 200 మిల్లీలీటర్లకు నాలుగు గ్రాముల పైచిలుకు చిన్న పొట్లం, రెండూ దొరుకుతాయి. మీద రాసింది చదవాలి, అంతే.

పొట్లం దొరకనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, గీసి సమం చేసినది. పంచదారలో సగం గ్లూకోజే, పేగు గోడ దాన్ని విరగ్గొట్టుకుంటుంది. కొబ్బరి నీళ్లు మంచివే గానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం బాగా తక్కువ. ఓఆర్ఎస్ బదులు వాటినే నమ్ముకోకూడదు. గంజికి మాత్రం నా ఓటు. గంజిలోని పిండిపదార్థం పెద్ద పెద్ద గొలుసుల రూపంలో ఉంటుంది. ఎన్ని గ్లూకోజ్‌లున్నా గొలుసుగా ఉన్నంతసేపు ఒక్క అణువు కిందే లెక్క, కాబట్టి నీళ్లను లాగదు. పేగు గోడ దగ్గరికి వచ్చాక కొంచెం కొంచెంగా తెగి గ్లూకోజ్ విడుదలవుతుంది. పక్కనే ఎస్‌జీఎల్‌టీ-1 ఉంది. ఉప్పు వేసిన బియ్యపు గంజి తరహా ఓఆర్ఎస్‌ను ఢాకాలో కలరా రోగుల మీద పరీక్షిస్తే విరేచనాల పరిమాణం తగ్గింది. జ్వరమొచ్చినా విరేచనాలైనా ఉప్పు గంజి పట్టించిన అమ్మమ్మలకు ఈ ప్రొటీన్ పేరు తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు.

ఈ కుటుంబంలో రెండో ప్రొటీన్, ఎస్‌జీఎల్‌టీ-2, మూత్రపిండాల్లో ఉంటుంది. మూత్రపిండాలు రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి, దానితో పాటు సుమారు 180 గ్రాముల గ్లూకోజ్ కూడా దిగిపోతుంది. దాన్ని వెనక్కి లాగేది ప్రధానంగా ఎస్‌జీఎల్‌టీ-2, పదింట తొమ్మిది వంతులు దాని పనే. ఇక్కడా అదే పద్ధతి, పంపు కల్పించిన సోడియం ఒత్తిడి మీద గ్లూకోజ్ వెనక్కి వస్తుంది. 1835లో ఆపిల్ చెట్టు బెరడు నుంచి తీసిన ఫ్లోరిజిన్ అనే పదార్థం ఈ కుటుంబాన్ని అడ్డుకుంటుందని చాలాకాలం తర్వాత తెలిసింది. కానీ అది పేగులోని ఎస్‌జీఎల్‌టీ-1ను కూడా అడ్డుకుంటుంది కాబట్టి మందుగా పనికిరాలేదు. దాని పోలికలతోనే, మూత్రపిండం మీద మాత్రమే గురిపెట్టేలా తయారైనవి డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు. ఇవి వేసుకున్నవాళ్లకు మూత్రంలో రోజుకు పదుల గ్రాముల చక్కెర పోతుంది, దానితో పాటు నీళ్లూ పోతాయి. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకూ ఇవి మేలు చేస్తాయని తేలాక వీటి వాడకం బాగా పెరిగింది. మన ఊళ్లలో షుగర్ ఉన్న ఇంట్లో ఈ పేర్లు ఇప్పుడు కొత్తవేమీ కావు.

ఈ మాత్రలు వాడేవాళ్లకు వాంతులో విరేచనాలో పట్టుకుంటే రెండు వైపుల నుంచీ నీళ్లు పోతున్నట్టు. ఒక వైపు పేగు, ఇంకో వైపు మూత్రపిండం. తిండి సరిగ్గా లేనప్పుడు రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం కూడా ఉంది. అందుకే అలాంటి రోజుల్లో మాత్రను తాత్కాలికంగా ఆపమని డాక్టర్లు సాధారణంగా చెబుతారు, ఫోన్ చేసి అడగాలి. ఓఆర్ఎస్ మాత్రం షుగర్ ఉందని మానెయ్యక్కర్లేదు. లీటరులో ఉన్నది 13.5 గ్రాముల గ్లూకోజే, అది సోడియాన్ని లోపలికి తీసుకెళ్లడానికి.